పంతులుగారి పని ఏది, రిజిస్ట్రార్ పని ఏది?

[తెర మీద ఒక్క శ్లోకం, మెల్లగా కనిపించాలి]

"మైథునం తు సమాసేవ్య పుంసి యోషితి వా ద్విజః
గోయానేఽప్సు దివా చైవ సవాసాః స్నానమాచరేత్."

మనుస్మృతి, పదకొండో అధ్యాయం. ద్విజుడు మగవాడితో కలిసినా, స్త్రీతో ఎడ్లబండిలోనో నీళ్లలోనో పట్టపగలో కలిసినా, ప్రాయశ్చిత్తం ఏంటట? కట్టుబట్టలతో స్నానం. అంతే, మునిగి లేస్తే అయిపోయినట్టే.

మరి మగవాడూ మగవాడూ కలిసినందుకు మన దేశంలో యావజ్జీవ ఖైదు వేయొచ్చని రాసిందెవరు?

[పాత ఇంగ్లండ్ చర్చి, తర్వాత పార్లమెంటు బొమ్మ]

దానికి 1533 దాకా వెళ్లాలి. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఇది పాపం లెక్క, చర్చి కోర్టులు చూసుకునేవి. ఎనిమిదో హెన్రీ రాజు దాన్ని పార్లమెంటు చట్టంలోకి లాగి ఉరిశిక్ష పెట్టాడు. పాపం కాస్తా నేరమైంది. ఆ ఆలోచనే ఓడెక్కి ఇక్కడికొచ్చింది. బ్రిటిష్ అధికారి మెకాలే ముసాయిదా మీద కట్టిన 1860 నాటి ఐపీసీలో 377వ సెక్షన్‌గా కూర్చుంది. "ప్రకృతి విరుద్ధం" అని ఒక మాట పెట్టారు. ఏది ప్రకృతి, ఎవరి ప్రకృతి? ఆ సెక్షన్‌లో ఎక్కడా చెప్పలేదు.

ఇక్కడికి రాగానే మనవాళ్లు చప్పట్లు కొడతారు. చూశారా, మన గ్రంథాలు ఎంత ఉదారమో అని. ఒక్క నిమిషం. అదే మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తిప్పండి. కన్యను ఇంకో కన్య చెరిస్తే రెండు వందల పణాల జరిమానా, పది దెబ్బలు. చెరిచింది పెద్దావిడైతే గుండు గీయడమో, రెండు వేళ్లు నరకడమో, పైగా గాడిద మీద ఊరేగింపు. ఇప్పుడేమంటారు?

నిజం చెప్పాలంటే నాకు మన వైపు వాళ్ల మీదా, అంటే స్వలింగ జంటల హక్కుల కోసం మాట్లాడేవాళ్ల మీదా, ఒక ఫిర్యాదుంది. శిఖండి ఉన్నాడు, మోహినీ అవతారం ఉంది, అర్ధనారీశ్వరుడున్నాడు, కాబట్టి హక్కులివ్వాలంటారు. కథలుగా అవి నాకూ ఇష్టమే. కానీ శ్లోకం చూపించి హక్కు తెచ్చుకుంటే, రేపు ఎదుటివాడు ఇంకో శ్లోకం చూపించి దాన్ని పట్టుకుపోతాడు.

[2009 నుంచి 2018 దాకా కాలరేఖ]

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్లకు 377 వర్తించదంది. దాని మీద సుప్రీంకోర్టుకు ఎవరెవరు వెళ్లారో చూడండి. ఒక జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ సంఘాలు. మామూలుగా ఒకే పంక్తిలో కూర్చోనివాళ్లంతా దీని దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చున్నారు! 2013లో గెలిచారు కూడా. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ తీర్పును పక్కన పెట్టారు. కోర్టు చూడాల్సింది జనం నైతికత కాదు, రాజ్యాంగ నైతికత అన్నారు.

సరే, నేరం పోయింది. మరి పెళ్లి?

2021 డిసెంబర్‌లో హైదరాబాద్ శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు మగవాళ్లు ఇంటివాళ్లు, స్నేహితుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. ఏ పోలీసూ ఆపలేదు. ఇక్కడే అసలు తమాషా. వేడుకకు ఎవరూ అడ్డం రాలేదు, అడ్డమొచ్చింది ప్రభుత్వ కాగితం. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టుకెళ్లారు. అడిగింది ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లికి గుర్తింపు.

ఆ చట్టమే ఎందుకు? హిందూ వివాహ చట్టం ఆచారాల గురించి, సప్తపది గురించి మాట్లాడుతుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టానికి మతంతో పనిలేదు. ముప్పై రోజుల ముందు నోటీసు, ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. తర్వాత ఆఫీసర్ ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, మీకు అర్థమయ్యే ఏ భాషలోనైనా ఒక్క వాక్యం: "నేను ఫలానా, ఫలానా అయిన నిన్ను చట్టబద్ధమైన భార్యగా లేదా భర్తగా స్వీకరిస్తున్నాను." మంత్రం లేదు, నిఖా లేదు, పాస్టర్ లేడు. దేవుడి ప్రమేయమే లేని ఈ గదిలోకి కూడా మతసంస్థలు వచ్చాయి. ముస్లిం మతపండితుల సంఘం జమియత్ ఉలేమా లాంటివి ఈ కేసులో వ్యతిరేకంగా వాదించాయి. వాళ్ల మసీదులో పెళ్లి చేయమని ఎవరూ అడగలేదు మరి.

మన దగ్గర మతానికీ సర్కారుకూ మధ్య అమెరికాలోలా గోడ ఉందనుకోకండి. గుళ్లకు ఈవోలను వేసేదే మన దేవాదాయ శాఖ. అందుకే గ్రంథం ఎక్కడ ఆగాలో, చట్టం ఎక్కడ మొదలవ్వాలో ప్రతిసారీ కొత్తగా కొట్లాడాల్సి వస్తోంది.

2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. చట్టంలోని మాటలు మార్చడం తమ పని కాదు, పార్లమెంటు పని అన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు.

[బ్యాంకు పాస్‌బుక్ క్లోజప్]

మధ్యలో, 2024 ఆగస్టులో, కేంద్ర ఆర్థిక శాఖ ఒక మాట స్పష్టం చేసింది. స్వలింగ జంటలు జాయింట్ అకౌంట్ తెరుచుకోవచ్చు, ఒకరినొకరు నామినీగా రాసుకోవచ్చు అని. పాస్‌బుక్ మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. పెళ్లి రిజిస్టర్‌లో మాత్రం ఇంకా రాయరు.