కరెంటు పోయిన సంగతి కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా నాన్నగారు నెల్లూరులో ఉండగా బంధువులకు రాసిన ఉత్తరాలను పోగుచేసి, ఒక వేసవిలో నేనూ మా ఆవిడా స్కాన్ చేయడం మొదలుపెట్టాం. ఏ ఉత్తరం ఏ తేదీది, ఎవరికి రాసినది, అందులో ఎవరి ప్రస్తావన ఉంది అన్న వివరాలను ఒకే జాబితా ఫైలులో మూడు వారాల పాటు ఎక్కించాం. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మా ఇంటి కంప్యూటర్‌కు, కరెంటు పోతే కాసేపు బ్యాటరీతో నడిపించే యూపీఎస్ అప్పటికే ఉంది కాబట్టి కరెంటు గురించి నాకు బెంగ ఉండేది కాదు. ఒక ఆదివారం ఉదయం, స్కాన్ చేసిన బొమ్మలను సర్ది జాబితాను తిరగరాసే పనిని కంప్యూటర్‌కు అప్పగించి, మేమంతా చెన్నై శివారు తాంబరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. మేము లేని సమయంలో కరెంటు పోయింది. యూపీఎస్ చేయగలిగిందంతా చేసింది. పావుగంట సేపు కూత పెట్టింది, ఆ కూత వినడానికి ఇంట్లో ఎవరూ లేరు, బ్యాటరీ అడుగంటింది, కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోయింది. రాత్రి వచ్చి చూస్తే జాబితా ఫైలు పేరు పేరుగానే ఉంది, పరిమాణం మాత్రం సున్నా.

ఆ రాత్రి నాకు అర్థమైన సంగతే ఈ ప్రసంగానికి విషయం. బ్యాటరీ ఇచ్చిన పావుగంటలో కంప్యూటర్ తన పనులను పద్ధతిగా ముగించి తనంతట తాను ఆగిపోయి ఉండవచ్చు. కానీ కరెంటు పోయిందని దానికి తెలియదు. యూపీఎస్‌కు తెలుసు, కానీ ఆ కబురును కంప్యూటర్‌కు చేరవేసే ఏర్పాటు నేను చేయలేదు. వెనకవైపు యూఎస్‌బీ సాకెట్ ఉన్నా, దానితో వచ్చిన తీగను అట్టపెట్టెలోనే వదిలేశాను.

ఫైలు ఎందుకు ఖాళీ అయిందో కొంచెం చెప్పాలి. లినక్స్‌లో మనం భద్రపరిచినది వెంటనే డిస్కు మీదికి పోదు, ముందు మెమొరీలో నిలుస్తుంది. మామూలు అమరికలో, అలా మారిన సమాచారం 30 సెకన్ల వయసు దాటితేనే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ దానిని తప్పనిసరిగా డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి అయిన ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ అనే చిట్టా ఉంటుంది, నిజమే. కానీ మామూలు అమరికలో ఆ చిట్టా కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని, అంటే ఏ ఫైలు ఎక్కడ ఉంది అన్న లెక్కను మాత్రమే, లోపలి అక్షరాలను కాదు. పాత ఫైలును ఖాళీ చేసి కొత్త పాఠం రాయబోతున్న క్షణంలో కరెంటు పోతే, ఖాళీ చేసిన సంగతి నమోదై, కొత్త పాఠం మెమొరీతోపాటే పోవచ్చు. మా జాబితాకు పట్టిన గతి అదే.

మన ఇళ్ళలో చాలామందికి పెద్ద ఇన్వర్టర్, 150 ఏహెచ్, అంటే ఆంపియర్ గంటల, ట్యూబులర్ బ్యాటరీ ఉంటాయి. అది ఉండగా కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ ఎందుకని అడుగుతారు. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కు, కంప్యూటర్‌తో మాట్లాడే తీగ ఉండదు. ఫ్యాన్లు, లైట్లు నడిపిస్తుంది కానీ తన బ్యాటరీ ఎంత మిగిలిందో కంప్యూటర్‌కు చెప్పదు. కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా కంప్యూటర్ ముందు చిన్న యూపీఎస్ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకానిది, అంటే లైను కరెంటులాగే నునుపైన అలగా కరెంటు ఇచ్చేది, కాకపోతే, చాలా యూపీఎస్‌లు ఆ కరెంటును మంచి కరెంటుగా ఒప్పుకోవు. ఇన్వర్టర్ నడుస్తున్నంతసేపూ తమ సొంత బ్యాటరీనే వాడుకుని కాసేపటికి చేతులెత్తేస్తాయి. అపార్ట్‌మెంటు జనరేటర్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా లేకపోయినా ఇదే జరుగుతుంది.

చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి యూపీఎస్ కొనేటప్పుడు ముందువైపు చూసి మురిసిపోకుండా, పెట్టెను తిప్పి వెనకవైపు చూడండి. చవక రకాలు కొన్నింటికి డేటా సాకెట్ అసలు ఉండదు. కొన్నింటికి నెట్‌వర్క్ సాకెట్‌లాంటిది ఉంటుంది, అది టెలిఫోన్ లైనును మెరుపుల నుంచి కాపాడటానికి పెట్టినది కావచ్చు, నిజంగా డేటా సాకెట్టే కావచ్చు. ఏపీసీ కంపెనీ వారి కొన్ని నమూనాలలో ఆ ఆకారంలో ఉన్నదే డేటా సాకెట్, దానికి వారి ప్రత్యేకమైన తీగ కావాలి, మామూలు నెట్‌వర్క్ తీగ పనికిరాదు.

ఇళ్ళలో సాధారణంగా కనిపించే 600 వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్ల, యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు, లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ గంటలు. అంటే 100 వాట్ల కంప్యూటర్‌ను 50 నిమిషాలు నడపాలి. నడపదు. ఆ 7 ఏహెచ్ అన్న లెక్క 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. గబగబా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ అంత ఇవ్వదు, పైగా మార్పిడిలో కొంత నష్టం ఉంటుంది. కొత్త బ్యాటరీతో కూడా ఆ 50లో సగం రాదు. మనకు కావలసింది కొద్ది నిమిషాలే కాబట్టి అది చాలు.

ఇక లినక్స్ వైపు ఏర్పాటు. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది, పొట్టిగా నట్ అంటారు. రస్సెల్ క్రోల్ 1990లలో ఆరంభించిన ఈ పనిని ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలు కొనసాగిస్తున్నారు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా అన్నింటిలోనూ సిద్ధంగా దొరుకుతుంది. ఇందులో మూడు భాగాలు ఉన్నాయి. వాటిని నేను మన పాత ఊరి కొలువులతో పోల్చుకుంటాను. మొదటిది డ్రైవర్, అది తలారి లాంటిది, యూపీఎస్ దగ్గరే ఉండి కబురు తెస్తుంది. రెండవది యూపీఎస్‌డీ, అది కరణం, వచ్చిన కబురును లెక్కలో ఉంచుకుని అడిగినవారికి చెబుతుంది. మూడవది యూపీఎస్‌మాన్, అది మునసబు, లెక్క చూసి ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తుంది. ఏదైనా చెడినప్పుడు ముగ్గురిలో ఎవరి దగ్గర ఆగిందో వెతికితే చాలావరకు దొరుకుతుంది.

తలారిని ఎంచుకోవడంలోనే చాలామంది తడబడతారు. యూఎస్‌బీ తీగ పెట్టి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇస్తే పరికరం సంఖ్య కనిపిస్తుంది. 051డీ అని మొదలైతే ఏపీసీ, దానికి యూఎస్‌బీహెచ్‌ఐడీ-యూపీఎస్ అనే డ్రైవర్ సరిపోతుంది. 0665, 5161 అని కనిపిస్తే చవక యూపీఎస్‌లలో విరివిగా వాడే సైప్రెస్ చిప్పు, దానికి నట్‌డీఆర్‌వీ-క్యూఎక్స్ కావాలి. నట్-స్కానర్ అనే పనిముట్టు ఈ వెతుకులాటను మనకోసం చేసి, యూపీఎస్ డాట్ కాన్ఫ్ ఫైలులో పెట్టుకోవలసిన వరుసలను కూడా చూపిస్తుంది. డెబియన్ కుటుంబంలో ఇంకొక చిక్కు ఉంది. నట్ డాట్ కాన్ఫ్ ఫైలులో మోడ్ అన్నచోట మొదట నన్, అంటే ఏదీ వద్దు, అని ఉంటుంది, దానిని స్టాండలోన్ అని మార్చేవరకు ఏ భాగమూ మొదలు కాదు. అన్నీ సరిగ్గా రాసినా డ్రైవర్ అనుమతి లేదని చెబితే, యూఎస్‌బీ తీగను ఒకసారి ఊడదీసి మళ్ళీ పెట్టండి. ప్యాకేజీతో వచ్చిన అనుమతి నియమం అప్పుడే ఆ పరికరానికి వర్తిస్తుంది.

ఇంట్లో ఒకటే కంప్యూటర్ ఉంటే యూపీఎస్‌డీ 127.0.0.1 అనే, ఆ కంప్యూటర్‌కు మాత్రమే అందే చిరునామా మీద, 3493 పోర్టు దగ్గర మాత్రమే వినేలా ఉంచండి. రెండవ కంప్యూటర్ అదే యూపీఎస్ మీద ఉంటే దానిని సెకండరీగా చేర్చవచ్చు, తీగ ఉన్నది ప్రైమరీ అవుతుంది. 2022లో వచ్చిన 2.8.0 వెర్షన్‌కు ముందు వీటి పేర్లు వేరు, కాబట్టి పాత సూచనలు చదివేటప్పుడు గమనించుకోండి. ఏపీసీ యూపీఎస్ ఒక్కటే ఉన్నవారికి ఏపీసీయూపీఎస్‌డీ అనే మరో సాఫ్ట్‌వేర్ దగ్గరిదారిగా ఉంది.

ఇవన్నీ కుదిరాక యూపీఎస్‌సీ ఆదేశం ఇస్తే వరుసగా వివరాలు వస్తాయి: వచ్చే వోల్టేజి, బ్యాటరీ శాతం, మిగిలిన సెకన్లు, మోస్తున్న బరువు, అంటే లోడు. అన్నింటిలోకీ ముఖ్యమైనది స్థితి అనే వరుస. ఓఎల్ అంటే లైను కరెంటు ఉంది, ఓబీ అంటే బ్యాటరీ మీద ఉంది, ఎల్‌బీ అంటే బ్యాటరీ అయిపోవస్తోంది. ఓబీ, ఎల్‌బీ రెండూ కలిసి కనిపించినప్పుడు యూపీఎస్‌మాన్ కంప్యూటర్‌ను ఆపుతుంది. బ్యాటరీ మీద ఉండగా యూపీఎస్‌తో సంబంధం తెగిపోయినా, ప్రమాదమనే భావించి ఆపేస్తుంది. ఆ తీర్పు నాకు చాలా నచ్చింది.

ఇక్కడే నా అనుభవం పుస్తక పద్ధతికి భిన్నంగా ఉంది. ఎల్‌బీ వచ్చేదాకా ఆగడం కొత్త బ్యాటరీకి సరే, రెండు వేసవులు చూసిన బ్యాటరీకి సరికాదు. చవక యూపీఎస్‌లు చాలావాటికి శాతం చెప్పే శక్తి లేదు, డ్రైవర్ వోల్టేజిని బట్టి అంచనా వేస్తుంది. ముసలి బ్యాటరీ తీరిగ్గా ఉన్నప్పుడు నూరు శాతం అంటుంది, బరువు పడిన నిమిషానికే వోల్టేజి కుప్పకూలుతుంది, ఎల్‌బీ అన్న మాటకూ చీకటికీ మధ్య కొన్ని సెకన్లే ఉంటాయి. అందుకని నేను శాతాన్ని నమ్మడం మానేసి గడియారాన్ని నమ్ముతున్నాను. నట్‌తోపాటే వచ్చే యూపీఎస్‌షెడ్ అనే భాగానికి, కరెంటు పోగానే 180 సెకన్ల లెక్క మొదలుపెట్టమని, ఈలోగా కరెంటు వస్తే లెక్క రద్దుచేయమని చెప్పాను. లెక్క పూర్తయితే ఎఫ్‌ఎస్‌డీ, అంటే తప్పనిసరిగా ఆపు అన్న ఆజ్ఞ వెళుతుంది. మా వీధిలో కరెంటు పోవడాన్ని నెలల తరబడి గమనించి ఈ అంకె పెట్టుకున్నాను. రెప్పపాటు పోయి వచ్చేవి ఎక్కువ, జనరేటర్ అందుకోవడానికి అర నిమిషం పడుతుంది, మూడు నిమిషాలు దాటిందంటే అది గంటల వ్యవహారమే. మీ వీధి అంకె వేరు కావచ్చు. ఈ ఏర్పాటులో యూపీఎస్‌మాన్ ఫైలులో నోటిఫై ఫ్లాగ్ దగ్గర ఎగ్జెక్ అన్న మాట చేర్చడం మరిచిపోకండి. అది లేకపోతే యూపీఎస్‌షెడ్‌కు పిలుపే అందదు, తప్పు జరిగినట్టు సందేశం కూడా రాదు.

ఎఫ్‌ఎస్‌డీ ఒకసారి మొదలైతే వెనక్కి తిరగదు, మధ్యలో కరెంటు వచ్చినా కంప్యూటర్ ఆగిపోతుంది. అప్పుడు ఒక చిత్రమైన ఇబ్బంది వస్తుంది. మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో, కరెంటు తిరిగి వస్తే తనంతట తాను లేచే అమరిక పెట్టుకుంటాం కదా. కానీ బ్యాటరీ అయిపోకముందే కరెంటు వస్తే, కంప్యూటర్ దృష్టిలో కరెంటు పోనేలేదు. అది లేవదు. ఊరిలో లేని మనిషి వచ్చేదాకా ఆగిపోయే ఉంటుంది. దీనికి నట్‌లో చక్కని పరిష్కారం ఉంది. ఆపే ముందు కిల్‌పవర్ అనే గుర్తు ఫైలు పెడుతుంది, డిస్కులన్నీ భద్రంగా మూసుకున్నాక చిట్టచివరి ఘడియలో ఆ గుర్తును చూసి, యూపీఎస్‌కే తన అవుట్‌పుట్‌ను ఆపమని చెబుతుంది. యూఎస్‌బీహెచ్‌ఐడీ డ్రైవర్‌లో మామూలుగా 20 సెకన్ల తరువాత ఆగి, 30 సెకన్ల లెక్క ప్రకారం తిరిగి ఇస్తుంది. అప్పుడు కంప్యూటర్‌కు నిజంగా కరెంటు పోయి వచ్చినట్టు అవుతుంది, లేస్తుంది. మీ కంప్యూటర్ ఆగడానికి 20 సెకన్ల కంటే ఎక్కువ పడుతుందేమోనని భయపడనవసరం లేదు, ఆ ఆజ్ఞ వెళ్ళేది పనులన్నీ ముగిశాకే.

కబురు ఫోనుకు రావాలని కోరుకునేవారు మోడెమ్‌నూ రూటర్‌నూ కూడా యూపీఎస్ మీదే పెట్టాలి. లేకపోతే సందేశం గడప దాటదు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం పెట్టకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటు చిన్న యూపీఎస్ మోయలేదు.

2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నై నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వేళ ఏ యూపీఎస్ అయినా చేయగలిగేది కంప్యూటర్‌ను గౌరవంగా నిద్రపుచ్చడమే. కానీ బ్యాటరీకి తుపాను కంటే పెద్ద శత్రువు ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. 25 డిగ్రీల మీద దాదాపు ప్రతి పది డిగ్రీలకూ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందన్నది ఆ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. బల్లకింద మూలలో, గాలి ఆడని చోట యూపీఎస్‌ను దాచకండి. బ్యాటరీ మార్చిన తేదీని పెట్టె మీద రాయండి. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే అప్పగించండి, చెత్తలో వేయకండి.

పరీక్షించని ఏర్పాటును నేను ఏర్పాటుగా లెక్కపెట్టను. పరీక్షకు ప్లగ్గు ఊడదీయవద్దు, దానితో ఎర్త్ కూడా తెగుతుంది. గోడ మీది స్విచ్ ఆపండి, చాలు. మొదటిసారి కంప్యూటర్‌ను వేరే సాకెట్‌కు మార్చి, యూపీఎస్ మీద పాత ఫిలమెంట్ బల్బు ఒకటి పెట్టి చూడండి. యూఎస్‌బీ తీగ మాత్రం కంప్యూటర్‌కే ఉండాలి. కంప్యూటర్ ఆగి, ఆ తరువాత బల్బు ఆరితే మొత్తం గొలుసు సరిగ్గా ఉన్నట్టే.

మా ఇంటి యూపీఎస్‌ను, కంప్యూటర్‌ను ఇక్కడికి తెచ్చాను, ఆ బల్బు కూడా ఉంది. ఇప్పుడు గోడ మీది స్విచ్ ఆపుతున్నాను. కూత వినిపించింది కదా, 180 సెకన్ల లెక్క మొదలైంది. బల్బు ఆరేలోగా మీ ప్రశ్నలు అడగండి.