డిస్కౌంట్ కొన్నారా, కెపాసిటీ కొన్నారా? క్లౌడ్ రిజర్వేషన్లపై నా రివ్యూ

నమస్కారం అండీ. క్లౌడ్‌లో సర్వర్లను ముందుగానే రిజర్వ్ చేసుకోవడానికి ఏమేం దారులున్నాయి, వాటిలో ఏది ఎవరికి పనికొస్తుంది అన్నది ఈ వీడియోలో చూద్దాం. ఎక్కువగా అమెజాన్ ఏడబ్ల్యూఎస్ గురించే మాట్లాడతాను. రకాలు ఎక్కువున్నదీ, జనం ఎక్కువ తికమక పడేదీ అక్కడే. అజూర్, గూగుల్ క్లౌడ్ సంగతి చివర్లో చెబుతాను.

"మేం రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్సులు కొన్నాం, ఇక మా సర్వర్లకు ఢోకా లేదు." ఈ మాట చాలా టీముల్లో వినిపిస్తుంది. ఇన్‌స్టెన్స్ అంటే క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సర్వర్. వాళ్లు కొన్నది ఏమిటో తెరిచి చూస్తే, ఎక్కువసార్లు అది రేటు తగ్గింపు మాత్రమే అయి ఉంటుంది. సర్వర్ దొరుకుతుందన్న హామీ అందులో ఎక్కడా ఉండదు. ఈ తేడా తెలియక రద్దీ రోజున ఇబ్బంది పడే టీములను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఈ వీడియో చేయడానికి కారణం కూడా అదే.

రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్సులు 2009లో వచ్చాయి. ఏడాదికో మూడేళ్లకో వాడతామని ఒప్పుకుంటే గంట రేటు తగ్గిస్తారు. కొనేటప్పుడు స్కోప్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. అక్కడ రీజియన్ (డేటా సెంటర్లున్న ఒక పెద్ద ప్రాంతం) అని పెడితే మీకు దక్కేది తగ్గింపు ఒక్కటే. అవైలబిలిటీ జోన్ (ఆ ప్రాంతంలోనే విడిగా ఉండే డేటా సెంటర్ల గుంపు) అని పెడితేనే ఆ జోన్‌లో మీ కోసం కెపాసిటీ, అంటే సర్వర్‌కు చోటు, పక్కన పెడతారు. రైలుకు సీజన్ టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన బోగీలో సీటు ఖాయం కాదు కదా, రీజియన్ స్కోప్‌ది సరిగ్గా అదే పరిస్థితి. 2019లో వచ్చిన సేవింగ్స్ ప్లాన్స్ కూడా అంతే. గంటకు ఇంత ఖర్చు పెడతామని మాట ఇస్తారు, బదులుగా తగ్గింపు వస్తుంది. కంప్యూట్ సేవింగ్స్ ప్లాన్‌లో 66 శాతం దాకా, ఈసీ2 (ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్లు అద్దెకిచ్చే సేవ) ఇన్‌స్టెన్స్ సేవింగ్స్ ప్లాన్‌లో 72 శాతం దాకా అని ఏడబ్ల్యూఎస్ చెబుతుంది. డబ్బు మిగలడం నిజమే, మంచిదే. కెపాసిటీకి దానితో సంబంధం లేదు.

"క్లౌడ్‌లో సర్వర్లు అయిపోవడం ఏమిటి?" అని కొందరు అడుగుతారు. అయిపోతాయండీ. క్లౌడ్ అంటే చివరికి బిల్డింగుల్లో ఉన్న మెషిన్లే. ఒక జోన్‌లో ఒక రకం మెషిన్లు కొన్నే ఉంటాయి. అన్నీ వాడకంలో ఉంటే మీ సర్వర్ లాంచ్ కాదు, ఇన్‌సఫిషియెంట్ ఇన్‌స్టెన్స్ కెపాసిటీ అనే ఎర్రర్ వస్తుంది. 2020 మార్చిలో అందరూ ఒక్కసారిగా ఇళ్ల నుంచి పని మొదలుపెట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ కూడా అజూర్‌లో తాత్కాలికంగా ఆంక్షలు పెట్టి, అత్యవసర సేవలకు ముందు ప్రాధాన్యం ఇస్తామని చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే ఆ పరిస్థితి వచ్చింది. ఇంకో విషయం, కోటా పెంచమని టికెట్ పెట్టి పెంచుకున్నంత మాత్రాన కెపాసిటీ వచ్చినట్టు కాదు. కోటా అంటే ఆ సంఖ్య దాకా సర్వర్లు వాడుకోవడానికి మీకు అనుమతి ఉందని. అక్కడ మెషిన్ ఖాళీగా ఉందని కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏడాదికో మూడేళ్లకో కట్టుబడకుండా కెపాసిటీ మాత్రమే కావాలంటే ఉన్నది ఆన్-డిమాండ్ కెపాసిటీ రిజర్వేషన్. 2018లో వచ్చింది. కావాలన్నప్పుడు తీసుకోవచ్చు, వద్దన్నప్పుడు వదిలేయొచ్చు. స్క్రీన్ మీద చూడండి, ఈసీ2 కన్సోల్‌లో క్రియేట్ కెపాసిటీ రిజర్వేషన్ ఫారం ఇది. ఇన్‌స్టెన్స్ టైప్, ప్లాట్‌ఫారం, జోన్, ఎన్ని కావాలి. ఇవి సరిగ్గా సరిపోలిన సర్వర్‌కే ఆ చోటు దొరుకుతుంది. మీరు లైనక్స్‌కు రిజర్వ్ చేసి విండోస్ సర్వర్ లేపితే అది బయటే నడుస్తుంది, రిజర్వేషన్ ఖాళీగా పడి ఉంటుంది. బిల్లు రెండింటికీ వస్తుంది.

కింద ఇన్‌స్టెన్స్ ఎలిజిబిలిటీ అని ఉంది చూశారా, కాసేపు ఆగి చూడాల్సింది ఇక్కడే. ఇక్కడ రెండు ఆప్షన్లు: ఓపెన్, టార్గెటెడ్. మామూలుగా ఓపెన్ ఎంపికై ఉంటుంది. ఓపెన్ అంటే సరిపోలే సర్వర్ ఏదైనా తనంతట తానే ఈ రిజర్వేషన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. వినడానికి హాయిగానే ఉంది. కానీ ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జోన్‌లో మీకు ఇప్పటికే ఒకే రకం సర్వర్లు 10 నడుస్తున్నాయనుకోండి. పరీక్ష ఫలితాలు విడుదలయ్యే ఉదయం రద్దీ ఉంటుందని ముందు రోజు మరో 10కి ఓపెన్ రిజర్వేషన్ తీసుకున్నారు. నడుస్తున్న ఆ 10 సర్వర్లే వచ్చి రిజర్వేషన్ నింపేస్తాయి. మీరు అదనం అనుకున్నది అదనం కాకుండా పోతుంది. కన్సోల్‌లో టోటల్ 10, అవైలబుల్ 0 అని కనిపిస్తుంది. తెల్లారి స్కేల్ అవ్వాల్సిన, అంటే సర్వర్లు పెరగాల్సిన, సమయంలో ఎర్రర్ వస్తే, "రిజర్వ్ చేశాం కదా" అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాబట్టి ఓపెన్ తీసుకుంటే ఉన్నవీ కావాల్సినవీ కలిపి 20కి తీసుకోండి. లేదా టార్గెటెడ్ పెట్టి, ఏ సర్వర్లు దాన్ని వాడాలో లాంచ్ టెంప్లేట్‌లో (సర్వర్ ఎలా మొదలవ్వాలో రాసిపెట్టుకునే నమూనా) మీరే చెప్పండి. ఎంత రిజర్వ్ చేశామన్నది కాకుండా, అవైలబుల్ దగ్గర ఎంత మిగిలిందన్న అంకెనే ముందు చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకో చిక్కు జోన్లది. రిజర్వేషన్ ఎప్పుడూ ఒక జోన్‌కే. మీ ఆటో స్కేలింగ్ గ్రూప్ (రద్దీని బట్టి సర్వర్లను తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు) మూడు జోన్లలో సమానంగా సర్వర్లు లేపుతూ ఉంటే, మీరు మాత్రం అంతా ఒక్క జోన్‌లోనే రిజర్వ్ చేస్తే ప్రయోజనం చాలావరకు పోతుంది. మూడు జోన్లకు విడివిడిగా తీసుకోవాలి. వేరే అకౌంట్‌తో రిజర్వేషన్ పంచుకుంటుంటే జోన్ పేరు చివర ఉండే ఏ, బీ, సీ అక్షరాలను నమ్మకండి. ఆ అక్షరం రెండు అకౌంట్లలో వేర్వేరు చోట్లను చూపించవచ్చు. జోన్ ఐడీ చూసుకోవాలి.

ఖర్చు సంగతి. రిజర్వేషన్ తీసుకున్న క్షణం నుంచి సర్వర్ నడిచినా నడవకపోయినా పూర్తి ఆన్-డిమాండ్ రేటు, అంటే ఏ ఒప్పందమూ లేకుండా వాడే మామూలు గంట రేటు, పడుతుంది. 10 తీసుకుని 4 వాడితే 10కీ కట్టాలి. బిల్లు వివరాల్లో వాడని వాటికి అన్‌యూజ్‌డ్‌బాక్స్ అనే పేరుతో విడిగా లైన్ ఉంటుంది. ఆ లైన్ ఎవరూ చూడని కంపెనీలు చాలా ఉన్నాయని నా అనుమానం. ఒక మంచి విషయం ఏమిటంటే సేవింగ్స్ ప్లాన్ గానీ రీజియన్ స్కోప్ రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్ గానీ ఉంటే ఆ తగ్గింపు కెపాసిటీ రిజర్వేషన్‌కు కూడా వర్తిస్తుంది. అంటే చోటు ఒక దాని నుంచి, తగ్గింపు ఇంకో దాని నుంచి తెచ్చుకుని రెండూ కలిపి వాడుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఈ కలయికే. జోన్ స్కోప్ రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్ కొనమని మాత్రం ఈ రోజుల్లో నేను చెప్పను. చోటు అవసరం తీరిపోయాక కూడా ఏడాదంతా దాన్ని మోయాలి.

తగ్గింపు కోసం కట్టుబడేముందు ఒక్క లెక్క వేసుకోండి. ఏడాదికి 8,760 గంటలు. మీకు వస్తున్న తగ్గింపు 40 శాతం అనుకుంటే, ఆ గంటల్లో 60 శాతం, అంటే 5,256 గంటలకు పైగా సర్వర్ నడిస్తేనే లాభం. ఆఫీసు వేళల్లో మాత్రమే, రోజుకు 10 గంటలు, వారానికి 5 రోజులు నడిచే టెస్ట్ సర్వర్ ఏడాదికి 2,600 గంటలే నడుస్తుంది. అలాంటి ఒక్క సర్వర్ కోసమే ఒప్పందం చేసుకుంటే చేతి డబ్బు పోయినట్టే. పొరపాటున సేవింగ్స్ ప్లాన్ కొంటే టెన్షన్ పడకండి, గంటకు 100 డాలర్లలోపు ఒప్పందమైతే కొన్న 7 రోజుల్లోపు, అదీ అదే క్యాలెండర్ నెలలో, వెనక్కి ఇచ్చేయొచ్చు.

మరి రెండు నెలల తర్వాత కావాలంటే? 2024 చివర్లో భవిష్యత్తు తేదీకి కెపాసిటీ రిజర్వేషన్ అడిగే సదుపాయం వచ్చింది. 120 రోజుల ముందు దాకా అడగొచ్చు. వెంటనే ఓకే అనరు, పరిశీలించి సాధారణంగా 5 రోజుల్లో చెబుతారు. కనీసం 14 రోజులు ఉంచుకుంటామని మాట ఇవ్వాలి. ఒక్క రోజు రద్దీకి ఇది బరువే. కానీ పెద్ద సంఖ్యలో సర్వర్లు కావాల్సినవాళ్లు ఇదే చూడాలి. మామూలు రిజర్వేషన్ పెట్టినప్పుడు ఆ క్షణంలో మెషిన్లు లేకపోతే రిజర్వేషనే దొరకదు మరి.

జీపీయూల (ఏఐ మోడళ్ల లాంటి భారీ లెక్కలకు వాడే చిప్‌లు) కోసమైతే 2023 అక్టోబర్‌లో వచ్చిన కెపాసిటీ బ్లాక్స్ ఉన్నాయి. 8 వారాల ముందు దాకా బుక్ చేయొచ్చు. డబ్బు మొత్తం ముందే కట్టాలి, రద్దు చేయడం కుదరదు. బ్లాక్ ఉదయం 11:30 యూటీసీకి ముగుస్తుంది, కానీ 11 గంటల నుంచే సర్వర్లను ఆపేయడం మొదలవుతుంది. మోడల్ ట్రైనింగ్ చేసేవాళ్లు చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన ట్రైనింగ్ కాపీ) ఆలోపే సేవ్ అయ్యేలా చూసుకోవాలి. చివరి అరగంట మీది కాదనే అనుకోండి.

అజూర్‌లోనూ ఇదే విభజన ఉంది. రిజర్వ్‌డ్ వీఎం (వర్చువల్ మెషిన్, అంటే అక్కడి సర్వర్) ఇన్‌స్టెన్స్ అంటే తగ్గింపు, ఆన్-డిమాండ్ కెపాసిటీ రిజర్వేషన్ అంటే చోటు. అక్కడ వీఎంను రిజర్వేషన్ గ్రూపుకు మీరే జోడించాలి, తనంతట తాను వచ్చి కూర్చోదు. ఒక అడుగు ఎక్కువే అయినా ఇదే పద్ధతి మేలని నా అభిప్రాయం. గూగుల్ క్లౌడ్‌లో కమిటెడ్ యూజ్ డిస్కౌంట్ తగ్గింపు కోసం, రిజర్వేషన్ చోటు కోసం. జీపీయూలకు డైనమిక్ వర్క్‌లోడ్ షెడ్యూలర్ ఉంది. తేదీ కచ్చితంగా కావాలంటే క్యాలెండర్ మోడ్, దొరికినప్పుడు మొదలైనా ఫర్వాలేదంటే ఫ్లెక్స్ స్టార్ట్.

నా తీర్పు అడిగితే, రోజంతా నడిచే సర్వర్లకు సేవింగ్స్ ప్లాన్ తీసుకోండి. ఆగిపోతే జనం ఇబ్బంది పడే పనికి, ఫెయిల్‌ఓవర్‌కి (ఒక చోట ఆగితే పని ఇంకో చోటుకు మారడం) దాని మీద కెపాసిటీ రిజర్వేషన్ కలపండి. ఎప్పుడైనా, ఏ జోన్‌లోనైనా, ఏ రకం మెషిన్ మీదనైనా నడిచే బ్యాచ్ పనులకు ఏ రిజర్వేషనూ అక్కర్లేదు.

ఇంకొక్కటి. కెపాసిటీ రిజర్వేషన్ ఫారంలో ముగింపు తేదీ పెట్టకపోతే మీరు రద్దు చేసేదాకా బిల్లు నడుస్తూనే ఉంటుంది. తేదీ పెడితే సర్వర్లు ఆగిపోతాయేమోనని చాలామంది ఆ ఖాళీ అలాగే వదిలేస్తారు. ఇది కెపాసిటీ బ్లాక్ లాంటిది కాదండీ. మామూలు కెపాసిటీ రిజర్వేషన్ గడువు ముగిసినా అందులో ఉన్న సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, రిజర్వేషన్ మాత్రమే పోతుంది. కాబట్టి భయపడకుండా తేదీ పెట్టేయండి.