ఇటుకబట్టీ దగ్గర పుట్టిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

1944 వేసవి. హంగేరీ రాజధాని బుడాపెస్ట్ దగ్గర ఒక ఇటుకల ఫ్యాక్టరీ. కొన్ని బట్టీలు, కాస్త దూరంగా ఇటుకలు పేర్చే ఖాళీ స్థలాలు. ప్రతి బట్టీ నుంచీ ప్రతి స్థలానికీ చిన్న పట్టాలు వేసి ఉన్నాయి. బట్టీ దగ్గర ఇటుకలు బండికెత్తాలి, తోసుకుపోవాలి, అక్కడ దించాలి. పని మరీ కష్టమేం కాదు. చిక్కల్లా పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటే. అక్కడికి రాగానే బండి పట్టాలు తప్పేది, ఇటుకలు నేలపాలయ్యేవి. ఏరుకుని మళ్ళీ ఎత్తే టైమంతా దండగ.

ఆ బండ్లు తోసేవాళ్ళలో ఒకాయనకు ముప్ఫై మూడేళ్ళు. పేరు పాల్ తురాన్. హంగేరీ వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు, కాబట్టి వాళ్ళ లెక్కలో ఆయన తురాన్ పాల్. గణితంలో డాక్టరేట్ పుచ్చుకున్న మనిషి. యూదుడు కావడంతో నిర్బంధ శ్రమకు పట్టుకొచ్చారు. ఆ నెలల్లో హంగేరీ యూదులను రైళ్ళకెక్కించి మృత్యు శిబిరాలకు పంపేస్తున్నారు. తురాన్‌కు ఆ భయమూ ఉంది, బండి పట్టాలు తప్పుతోందన్న విసుగూ ఉంది. ఆ విసుగులోంచి ఒక ప్రశ్న పుట్టింది. ఇన్ని బట్టీలు, ఇన్ని స్థలాలు ఉన్నప్పుడు, పట్టాలు ఒకదాన్నొకటి దాటడం ఎంత తక్కువకు తగ్గించవచ్చు?

మీరూ కాగితం మీద ప్రయత్నించవచ్చు. పైన మూడు చుక్కలు, కింద మూడు చుక్కలు పెట్టండి. పైనున్న ప్రతి చుక్కనూ కిందున్న ప్రతి చుక్కతో కలపండి. గీతలు వంకర తిరిగినా ఫర్వాలేదు. ఎంత తెలివిగా గీసినా ఒక్కచోటయినా అడ్డం పడక తప్పదు. నాలుగూ నాలుగయితే నాలుగుచోట్ల, అయిదూ అయిదయితే పదహారుచోట్ల. ఇంకా పెద్ద సంఖ్యల సంగతి చివర్లో చెబుతాను.

తురాన్ 1910 ఆగస్టు 18న బుడాపెస్ట్‌లో పుట్టారు. కుర్రతనంలో ఆయనకొక మిత్రబృందం ఉండేది. పాల్ ఎర్డోష్, జార్జ్ సెకెరెష్, ఎస్తర్ క్లైన్, టిబోర్ గల్లాయ్ లాంటివాళ్ళు. ఊళ్ళో పెద్ద పార్కులో ఒక విగ్రహం ఉంది. ముసుగు కప్పుకుని ముఖం సరిగా కనబడని పాతకాలపు చరిత్రకారుడి విగ్రహం అది. దాని దగ్గర చేరి లెక్కలు చెప్పుకునేవారు. చాలామందికి ఉద్యోగాల్లేవు. యూదు విద్యార్థులకు విశ్వవిద్యాలయాల్లో సీట్లు తగ్గించేస్తూ 1920లోనే చట్టం వచ్చింది, కొలువుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. తురాన్ 1935లో డాక్టరేట్ పూర్తిచేసి, ఆ తర్వాత చాలాకాలం ట్యూషన్లు చెప్పుకుని బతికారు.

అప్పటికే ఆయన చేసిన ఒక పని మనకు దగ్గరిది. 1917లో మన రామానుజన్, కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీ కలిసి ఒక విషయం తేల్చారు. ఏదైనా పెద్ద సంఖ్యను తీసుకుంటే, దాన్ని భాగించే ప్రధాన సంఖ్యలు సాధారణంగా చాలా కొద్దిగానే ఉంటాయి. నూరంకెల సంఖ్యకైనా మామూలుగా అయిదో ఆరో. వాళ్ళ నిరూపణ పొడుగైనది, మెలికలు తిరిగినది. 1934లో తురాన్ దాన్నే చాలా చిన్నగా చేసి చూపించారు. ప్రతి సంఖ్యనూ భాగించే ప్రధాన సంఖ్యల లెక్క సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలకు సగటు కట్టారు. మన పిల్లలు స్టాటిస్టిక్స్ పాఠంలో చేసేదే! సంఖ్యల శాస్త్రంలోకి సంభావ్యత అడుగుపెట్టిన తొలి దారుల్లో అదొకటి. రామానుజన్ అప్పటికి కన్నుమూసి పద్నాలుగేళ్ళు. చూసి ఉంటే ఏమనేవారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక 1940 సెప్టెంబరు. తురాన్‌కు మొదటిసారి పిలుపు వచ్చింది. ఇప్పుడు రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాలో రైలుమార్గం వేయడానికి తీసుకుపోయారు. పట్టాల కింద వేసే స్లీపర్లు మోయాలి. చదువుకున్న చేతులు కదా, మోత కుదిరేది కాదు. తోటివాడొకడు పేరు పెట్టి మరీ ఆ మాట అన్నాడు. పక్కన నిలబడ్డ అధికారి ఆ పేరు విని, ఈయన గణితజ్ఞుడేనా అని అడిగాడు. ఆ అధికారి బయటి ఉద్యోగం అచ్చుయంత్రాల దగ్గర ప్రూఫులు దిద్దడం. తురాన్ వ్యాసాల రాతప్రతులు ఆయన కంటపడ్డాయట! విడిచిపెట్టే అధికారం లేదు కానీ, పని మార్చగలిగాడు. కలప అడితిలో, ఏ లావు దుంగలు ఎక్కడున్నాయో వచ్చినవాళ్ళకు చూపించే పని ఇచ్చాడు.

రోజంతా ఆరుబయట నడక, చుట్టూ మంచి ప్రకృతి. చేతిలో కాగితమూ లేదు, పెన్సిలూ లేదు. అక్కడే ఆయన తన పేరుతో నిలిచిపోయిన సిద్ధాంతాన్ని మనసులోనే కట్టుకున్నారు.

ఆ సిద్ధాంతాన్ని పెళ్ళింట్లో పెట్టి చెబుతాను. పదిమంది కూర్చున్నారు. ఏ ముగ్గురిని తీసుకున్నా, ముగ్గురికి ముగ్గురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాకూడదు. ఆ షరతు మీద ఎన్ని పరిచయాలు ఉండవచ్చు? మొత్తం జంటలు 45. జవాబు 25. అయిదుగురు ఆడపెళ్ళివారు, అయిదుగురు మగపెళ్ళివారు అనుకోండి. అటువాళ్ళకు ఇటువాళ్ళందరూ తెలుసు, తమలో తమకు మాత్రం పరిచయం లేదు. (ఏ పెళ్ళిలోనూ ఇలా ఉండదు, లెక్క కోసం ఒప్పుకోండి.) ఇరవయ్యారో పరిచయం జరిగిందా, ఎక్కడో ఒక ముగ్గురు దొరికిపోతారు. ఇంతవరకూ 1907లోనే తెలుసు. ముగ్గురు కాదు, నలుగురు అంటే? అయిదుగురు అంటే? తురాన్ అన్నిటికీ ఒక్కసారే జవాబు చెప్పారు. నలుగురయితే జనాన్ని రెండు కాదు, మూడు గుంపులు చేయాలి. పదిమందికి నాలుగు, మూడు, మూడు. అప్పుడు 33 పరిచయాలు. ఆ లెక్క 1941లో అచ్చయింది. ఈ రకం ప్రశ్నల మీద ఈరోజు గ్రాఫ్ సిద్ధాంతంలో, అంటే చుక్కలనూ వాటిని కలిపే గీతలనూ చదివే గణితంలో, ఒక పెద్ద శాఖే నడుస్తోంది.

ఆ కొద్దిరోజులూ ఎంత పరవశంగా గడిచాయో మాటల్లో చెప్పలేనని ఆయన తర్వాత రాసుకున్నారు. అణచివేత నుంచి మనసు కొంత విడుదలైనట్టుండేదట. నాకు ఆ ప్రూఫురీడరు కూడా గుర్తుండిపోయాడు. గణిత చరిత్రలో ఆయన పాత్ర రెండు నిమిషాలది.

యుద్ధం ముగిసే రోజుల కథ ఒకటి మిత్రులు చెప్పుకునేవారు. బుడాపెస్ట్ వీధిలో సోవియట్ గస్తీ సైనికులు తురాన్‌ను ఆపి కాగితాలు చూపించమన్నారు. గుర్తింపు పత్రం లేదు. ఉన్నదల్లా యుద్ధానికి ముందు సోవియట్ పత్రికలో పడిన తన వ్యాసం ప్రతి. అది చూసి సైనికులు వదిలేశారు. సంఖ్యల శాస్త్రం ఇలా కూడా ఉపయోగపడుతుందని తర్వాత నవ్వుకున్నారు.

శాంతి వచ్చాక ఆయనకు ఆలస్యంగానైనా గౌరవం దక్కింది. 1949లో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. దేశపు పెద్ద పురస్కారం కొషుత్ బహుమతి రెండుసార్లు వచ్చింది. 1952లో వేరా షోష్‌ను పెళ్ళాడారు. ఆమె ఫలానావారి భార్యగా కాక, తన సొంత పనితోనే కాంబినేటరిక్స్‌లో, అంటే అమరికలను లెక్కించే గణితంలో, పెద్ద పేరు తెచ్చుకున్నారు.

అదే ఏడాది తురాన్ పోలండ్ వెళ్ళి, ఉపన్యాసాల్లో ఆ ఇటుకల ప్రశ్న అడిగారు. జరాంకియెవిచ్ అనే గణితజ్ఞుడు సూత్రం చెప్పి, నిరూపణ కూడా అచ్చువేయించారు. అందరూ అయిపోయిందనుకున్నారు. పదేళ్ళు దాటాక ఆ నిరూపణలో కన్నం బయటపడింది. సూత్రం తప్పని ఎవరూ చూపలేదు, ఒప్పని పూర్తిగా నిరూపించనూ లేదు. ఏడు బట్టీలు, ఏడు స్థలాలకు 81 అని తేలడానికే 1993 దాకా పట్టింది. అన్ని సంఖ్యలకూ కలిపి ఈరోజుకీ తెలియదు.

ఇటుకబట్టీ సంగతి, కలప అడితి సంగతి మనకు తెలిసింది తురాన్ స్వయంగా రాయబట్టే. గ్రాఫ్ సిద్ధాంతానికని కొత్తగా ఒక పత్రిక పెడుతుంటే, మొదటి సంచికకు స్వాగతవాక్యం రాసిమ్మని అడిగారు. రాసిచ్చారు. 1976 సెప్టెంబరు 26న లుకేమియాతో కన్నుమూశారు. పత్రిక మరుసటి ఏడాది వచ్చింది.

నమస్కారం.