పాత చీర అంచు, చింతగింజల జిగురు

(ఒడిశాలోని బరంపురం నుంచి బుధవారం మధ్యాహ్నం వచ్చిన ఫోన్-ఇన్ కార్యక్రమం. ఇంట్లో చేసుకునే చేతిపనులు, పిండివంటల గురించి శ్రోతల ప్రశ్నలకు కుట్టుపని నేర్పే అప్ప (అక్క) జవాబులు.)

యాంకర్: నమస్కారం. రేపు మార్గశిర లక్ష్మివారం. ఇళ్ళల్లో హడావిడి మొదలైపోయి ఉంటుంది. అప్పా, సంచి నిండా పాత గుడ్డలు తెచ్చారేంటి?

అప్ప: సరుకు లేకుండా ఏం మాట్లాడతాం బాబూ. ఒకమాట ముందే చెప్పేస్తాను. ఫోన్లో వీడియో చూసి గ్లూ గన్ కొని, పూసలు కొని, లేసు కొని, ఆరొందలు తగలేసి అరవై రూపాయల గాజులు చేస్తున్నారు. దాన్ని చవక అనకండి. మీ ఇంట్లో ఏముందో చెప్పండి, దాంతో ఏం చేయొచ్చో నేను చెప్తాను.

యాంకర్: మొదటి కాల్. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: గుణుపురం నుంచండీ. అప్పా, నా అరిసెలు నూనెలో వేయగానే... (చిటపట శబ్దం, లైన్ కట్)

యాంకర్: పోయింది. అమ్మా, మళ్ళీ ప్రయత్నించండి. తర్వాతి కాల్.

కాలర్: బరంపురం నుంచే. మా అమ్మ పెళ్ళి పట్టుచీర ఉందప్పా, గోపురం అంచుది. మడతల దగ్గర చిరిగిపోయింది. జరీ కొనేవాళ్ళు వస్తే ఇచ్చేద్దామా అని మావారు అంటున్నారు.

అప్ప: ఆగమ్మా, తొందరపడకు. అసలు జరీ అయితే అందులో వెండి ఉంటుంది. బజారులో ఇద్దరు ముగ్గురిని ధర అడక్కుండా వీధిలోకి వచ్చినవాడికి ఇవ్వకు. ఇప్పుడు చీర సంగతి. దాన్ని పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడు. ఎక్కడ పోగులు విడిపోయి వెలుతురు కనబడుతుందో అక్కడ ప్రాణం లేనట్టే. అంచు ఎలా ఉంది?

కాలర్: అంచు గట్టిగానే ఉందండీ. ఒంట్లోనే చిరుగులు.

అప్ప: అంతే, అంచులో నేత చిక్కగా ఉంటుంది. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది కదా, రెండు వైపులా కలిపితే పదకొండు మీటర్ల అంచు నీ చేతిలో ఉన్నట్టు. ఇంట్లో ఆడపిల్ల ఉందా?

కాలర్: మనవరాలుంది, అయిదేళ్ళు.

అప్ప: ఇంకేం! దాని పావడా చుట్టూ రెండున్నర మీటర్లు పోతుంది. మిగిలింది నీ జాకెట్టు చేతులకి, కోడలి సాదా చున్నీకి. పమిటతో చిన్న మూట సంచీలు కుట్టు, తాంబూలంలో పెట్టి ఇవ్వొచ్చు. అయితే పట్టు ఒక్కటే కుడితే నెల తిరక్కుండా పిగిలిపోతుంది. వెనకాల నూలు గుడ్డ వేసి, రెండూ కలిపి కుట్టాలి.

కాలర్: కొత్త లైనింగు తెచ్చుకోవాలా?

అప్ప: కొత్తది వద్దే వద్దు! కొత్త నూలు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. వెనక గుడ్డ కుంచించుకుంటే పైన పట్టు ముడతలు పడుతుంది. మీవారి పాత పంచె అయితే నూరుసార్లు ఉతికింది, ఇంక కుంచించుకోవడానికేం మిగల్లేదు. నేను మొదట్లో తెలీక ఒకావిడ చీరకి కొత్త గుడ్డ వేసి ఇచ్చి మాట పడ్డాను. సూది సన్నది తీసుకో, ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన గుడ్డ కప్పి చెయ్యి. ఇంకా బాగున్న పట్టుచీరలుంటే ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, నూలు గుడ్డలో చుట్టి రెండు మూడు నెలలకోసారి మడత మార్చు. ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటేనే అక్కడ తెగుతుంది.

యాంకర్: పర్లాకిమిడి నుంచి ఎవరో లైన్లో ఉన్నారు.

కాలర్: ఆంటీ, నేను ఆరో క్లాసు. స్కూల్లో క్రాఫ్ట్ చెయ్యమన్నారు. గమ్ డబ్బా అయిపోయింది. మా అమ్మ మళ్ళీ కొనను అంటోంది.

అప్ప: మీ అమ్మ మాట నిజమే. ఇంట్లో చింతపండు వాడతారు కదా, గింజలు ఏం చేస్తారు?

కాలర్: పారేస్తాం. అప్పుడప్పుడు నేను ఆడుకుంటాను.

అప్ప: అదే నీ గమ్. గింజలు వేయించి, పైన గోధుమరంగు పొట్టు తీసేసి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి ఉడికిస్తూ కలుపుతూ ఉంటే జిగురు వస్తుంది. పొయ్యి దగ్గర పని అమ్మది, నువ్వు దూరంగా ఉండి చూడు. ఆ జిగురు నిలవుండదు, రెండో రోజుకే వాసన వస్తుంది. కొంచెమే చెయ్యండి. మన ఒడిశాలో పటచిత్రాలకి గుడ్డ సిద్ధం చేసేది ఈ జిగురుతోనే. ఇంతకీ ఏం చేద్దామనుకున్నావు?

కాలర్: ఏదో పువ్వు... కాగితంతో.

అప్ప: పువ్వులు అందరూ తెస్తారు. గంజప్ప చెయ్యి. మీ తాతగారు ఆడేవారేమో అడుగు. గుండ్రటి పేకముక్కలు, రంగులతో బొమ్మలు వేసి ఉంటాయి. పాత నూలుచీర గుడ్డ రెండు మూడు పొరలు ఈ జిగురుతో అంటించి, పైన సుద్దపొడి కలిపిన జిగురు పూసి ఎండబెట్టు. ఎండాక నున్నటి గులకరాయితో రుద్దు, మెరుస్తుంది. డబ్బా మూత పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించు.

కాలర్: ఎన్ని చెయ్యాలి?

అప్ప: అసలు ఆటకి ఒక రకంలో 96 ముక్కలుంటాయి. ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు.

కాలర్: అమ్మో!

అప్ప: (నవ్వు) నువ్వు ఎనిమిది చెయ్యి, రంగుకొకటి. టీచర్ అడిగితే ఎనిమిది పన్నెండ్లు చెప్పు, లెక్కల మార్కు కూడా ఇస్తారేమో.

యాంకర్: రాయగడ నుంచి కాల్.

కాలర్: అప్పా, మా పక్కింటి ఒడియా వాళ్ళు రేపు మాణబసా అని లక్ష్మీపూజ చేసి, గడప నిండా బియ్యప్పిండితో ఝోటి, అంటే ముగ్గు, వేస్తారు. మనకీ లక్ష్మివారమే కదా అని నేనూ వేస్తున్నాను. వాళ్ళది తెల్లగా నిలుస్తుంది, నాది పెచ్చులు ఊడిపోతోంది.

అప్ప: వేసేటప్పుడు సరిగ్గా కనబడటం లేదని రెండోసారి పూస్తున్నావు, అవునా?

కాలర్: అవునండీ! ఎలా తెలిసింది?

అప్ప: అందరూ చేసేదే అది. బియ్యప్పిండి నీళ్ళు తడిగా ఉన్నప్పుడు కనబడీ కనబడనట్టు ఉంటాయి, ఆరాకే తెలుపు తేలుతుంది. అంతదాకా ఓర్చుకోలేక మళ్ళీ పూస్తే మందమై పగులుతుంది. బియ్యం నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, దోసెల పిండి కంటే పల్చగా చేసుకో. ఒక్కసారే వెయ్యి. నేలేంటి, సిమెంటా టైల్సా?

కాలర్: టైల్సు.

అప్ప: నున్నటి టైలు మీద అది పట్టుకోదమ్మా. ఇంట్లో చెక్క పలకేదైనా ఉంటే దానికి ఎర్రమట్టి పూసి, ఆరాక దానిమీద వేసుకుని గడప పక్కన పెట్టు. నాలుగు లక్ష్మివారాలూ అదే పనికొస్తుంది. లక్ష్మీపాదాలు మాత్రం లోపలికి వస్తున్నట్టు వెయ్యి, మా ఇంట్లో ఒకసారి పిల్లలు బయటికి వెళ్తున్నట్టు వేశారు, మా అత్తగారు సాయంత్రం దాకా మాట్లాడలేదు.

యాంకర్: వార్తలకి రెండు నిమిషాలుంది. చివరి కాల్... ఈ చిటపట మొదట్లో విన్నదే!

కాలర్: గుణుపురమేనండీ. అరిసె నూనెలో వేయగానే విడిపోతోంది. ఇప్పుడు కూడా పొయ్యి మీదే ఉంది.

అప్ప: ముందు స్టౌ కట్టమ్మా! కట్టావా? ఇప్పుడు చెప్పు, బియ్యం ఎంత, బెల్లం ఎంత?

కాలర్: బియ్యం కిలో, బెల్లం ముప్పావు కిలో. బియ్యం రాత్రంతా నానబెట్టాను.

అప్ప: కొలత బాగానే ఉంది. పాకం నీళ్ళలో వేసి చూశావా?

కాలర్: చూశాను. ఉండ కట్టినట్టే కట్టి జారిపోయింది. చాల్లే అని దించేశాను.

అప్ప: అదే. నీళ్ళలో వేసిన పాకం చేత్తో పట్టుకుంటే మెత్తటి ఉండలా నిలవాలి. లేతపాకం దించేస్తే ఇలాగే విడిపోతుంది. ముదిరిందనుకో, రాళ్ళవుతాయి. నీ దగ్గర తడి బియ్యప్పిండి మిగిలిందా?

కాలర్: గిద్దెడు ఉంది.

అప్ప: పిడికెడు చొప్పున కలిపి, చేతికి గట్టిగా తగిలేదాకా మర్దించు. ఒక్కటే చిన్నది తట్టి, స్టౌ మళ్ళీ వెలిగించి, సన్న సెగ మీద వెయ్యి. మేం ఆగుతాం.

యాంకర్: అప్పా, వార్తలు...

అప్ప: అర నిమిషం బాబూ.

కాలర్: వేశానండీ... అంచు కొంచెం విరిగింది. మధ్యలో నిలబడింది!

అప్ప: ఇంకో పిడికెడు కలుపు.