పేరుకే స్టాటిక్: కారవాన్ కొని అద్దెకిస్తే గిట్టుతుందా?

అందరికీ నమస్కారం.

మొన్న ఉగాది భోజనాల దగ్గర నలుగురు వేరువేరుగా వచ్చి నన్ను ఒకటే అడిగారు. "అన్నా, స్కెగ్‌నెస్ దగ్గర కారవాన్ ఒకటి కొని అద్దెకిద్దామనుకుంటున్నాం, మంచిదేనా?" స్కెగ్‌నెస్ అంటే ఇంగ్లండ్ తూర్పు తీరంలోని సముద్రపు ఊరు. వాళ్లు అడిగేది స్టాటిక్ కారవాన్ గురించి, అంటే హాలిడే పార్కులో ఒకేచోట నిలిపి ఉంచే ఇల్లులాంటి బండి. నన్నే ఎందుకు అడిగారంటే, నేనూ మా బావమరిదీ కలిసి ఒకటి కొన్నాం. ఐదు సీజన్లు నడిపి అమ్మేశాం. పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని నలుగురికీ నాలుగుసార్లు చెప్పడం కంటే ఇలా ఒకేసారి చెప్పడం నయమని కమిటీవాళ్లు ఈ అరగంట ఇచ్చారు.

మనవాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. లెస్టర్‌లో ఉన్నా లండన్‌లో ఉన్నా, చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే మనసు ప్లాటు మీదకే పోతుంది. మా నాన్న ఊరి బయట కొన్న రెండు వందల గజాలు ఇరవై ఏళ్లలో ఎన్ని రెట్లు పెరిగాయో ఇప్పటికీ ఇంట్లో కథలాగా చెప్పుకుంటాం. ఆ కళ్లజోడుతోనే మేం కారవాన్‌ని చూశాం. సముద్రం పక్కన రెండు బెడ్‌రూముల ఇల్లు, ముందు చెక్క డెక్, ముప్పై వేల పౌండ్ల లోపే. ఈ దేశంలో ఆ డబ్బుకి గ్యారేజీ కూడా రాని ఊళ్లున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

అక్కడే పప్పులో కాలేశాం. స్టాటిక్ అంటే స్థిరంగా ఉండేదని పేరు. చట్టం దృష్టిలో మాత్రం అది చరాస్తి. కింద ఛాసీ ఉంటుంది, చక్రాలుంటాయి, లారీ మీద వస్తుంది, లారీ మీదే పోతుంది. అందుకే స్టాంప్ డ్యూటీ కట్టక్కర్లేదు. మాకు అమ్మినాయన ఆ ముక్క గొప్ప లాభంలాగా చెప్పాడు. స్టాంప్ డ్యూటీ లేదంటే అక్కడ నేల మనది కాదని కూడా అర్థం. దాన్ని మేం ఆలోచించలేదు, ఆయన చెప్పలేదు. మామూలు ఇంటి మార్ట్‌గేజ్ కూడా దొరకదు. అప్పు కావాలంటే పర్సనల్ లోనో, పార్కు ద్వారా వచ్చే ఫైనాన్సో. వాటి వడ్డీ ఇంటి అప్పు వడ్డీలా ఉండదు.

మనం కొనేది డబ్బా. అది నిలబడిన జాగాని పిచ్ అంటారు. అది పార్కు వాళ్లది. పది, పదిహేను, ఇరవై ఏళ్లకని ఒక లైసెన్స్ ఒప్పందం రాసిస్తారు. అందుకు ఏటా సైట్ ఫీజు కట్టాలి. గడువు తీరాక అక్కడ ఉండే హక్కు మనకి లేదు. కొన్ని పార్కుల్లో కారవాన్ వయసు మీద కూడా పరిమితి ఉంటుంది. ఫలానా ఏళ్లు దాటితే తీసేసి కొత్తది పెట్టాలి. ఏడాది పొడవునా సొంత ఇంట్లో ఉన్నట్టు ఉండటానికీ వీల్లేదు, అది హాలిడేకి మాత్రమే. అసలు ఇల్లు ఇంకోచోట ఉన్నట్టు కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) కాగితం అడుగుతారు. రెసిడెన్షియల్ పార్కుల్లో కాపురముండే వాళ్లకు 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం అండగా ఉంది. మన హాలిడే కారవాన్‌కి ఆ చట్టం వర్తించదు. మనకు దిక్కు ఆ ఒప్పందం కాగితమే.

ఇక అమ్మకం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత మా కారవాన్‌కి అచ్చంగా సరిపోయింది. బయటి మనిషికి అమ్ముకుంటే పార్కుకి కమీషన్ ఇవ్వాలి. ఒప్పందాల్లో ఇది 15 శాతం దాకా ఉంటుంది. పార్కుకే తిరిగి అమ్మితే వాళ్లు చెప్పిందే రేటు. మేం సెకండ్ హ్యాండ్‌లో 24 వేలకు కొన్నాం, ఐదేళ్ల తర్వాత 9 వేలకు ఇచ్చేశాం. ఏటా మూడు వేలు కరిగిపోయాయన్నమాట. కారు కొంటే రేటు పడిపోతుందని ముందే సిద్ధపడతాం. కిటికీలకు కర్టెన్లుండేసరికి దీన్ని ఇల్లనుకున్నాం.

సరే, అద్దె వస్తుంది కదా అంటారు. రండి, లెక్క వేద్దాం. ఇవి నమూనా అంకెలు, పార్కుని బట్టి మారతాయి. మీ అంకెలు పెట్టుకుని మీరే వేసుకోండి.

ఈ దేశంలో పిల్లలున్న కుటుంబం స్కూలు సెలవుల్లోనే కదులుతుంది. కాబట్టి అసలు సీజన్ జులై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి దాకా ఉన్న ఆరు వారాలు. వారానికి 700 పౌండ్లు వచ్చాయనుకుంటే 4,200. ఈస్టర్, మే, అక్టోబర్ సెలవులు కలిపి నాలుగు వారాలు, 450 చొప్పున 1,800. మిగతా సీజన్‌లో తంటాలు పడి ఇంకో ఎనిమిది బుకింగులు, 250 చొప్పున 2,000. మొత్తం 8,000.

ఇప్పుడు ఖర్చు. సైట్ ఫీజు 6,000 అనుకోండి, సముద్రానికి దగ్గరగా, స్విమ్మింగ్ పూల్ ఉన్న పార్కులో ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఇన్సూరెన్స్ 250, గ్యాసూ కరెంటూ 900. పద్దెనిమిది బుకింగులకు పద్దెనిమిదిసార్లు క్లీనింగ్, 60 చొప్పున 1,080. ప్రకటనలు, బుకింగ్ కమీషన్, గెస్టులకు పూల్ పాసులు కలిపి 600. గ్యాస్ తనిఖీకి, చలికాలం పైపులు ఖాళీ చేయించడానికి 250, రిపేర్లకు 500. కూడితే 9,580. అంటే ఏడాదికి 1,580 పౌండ్లు చేతి నుంచి పడుతున్నాయి. కారవాన్ విలువ తరిగిపోవడం ఇందులో కలపలేదు. చారాణా కోడికి బారాణా మసాలా అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

ఈ లెక్కలో ఇంకో మాయ ఉంది. ఆ ఆరు వారాలూ మనకీ కావాలి. మన పిల్లలకీ అప్పుడే సెలవులు. రెండు వారాలు మనం వెళితే 1,400 పోయినట్టే. పైగా చుట్టాలు. బర్మింగ్‌హామ్ నుంచి పిన్నిగారి అబ్బాయి ఫోన్ చేసి, "మీ కారవాన్ ఖాళీగా ఉందా అన్నయ్యా, ఆగస్టులో ఒక వారం" అంటే వారానికి ఏడు వందలని ఏ నోటితో చెప్పాలి? మా రెండో సీజన్‌లో ఆగస్టు నెల సగం అలాగే పోయింది. వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక ఒక జాడీ ఆవకాయ ఇచ్చారు. బాగుంది, కాదనను. అన్నట్టు, ఆ చిన్న వంటింట్లో మిరపకాయల పోపు పెడితే స్మోక్ అలారం మోగక తప్పదు, పక్క కారవాన్ల వాళ్లంతా బయటికొచ్చి చూస్తారు.

పని సంగతి చెప్పలేదు. ఒకళ్లు పొద్దున పదింటికి ఖాళీ చేస్తారు, ఇంకొకళ్లు సాయంత్రం నాలుగింటికి దిగుతారు. ఈ ఆరు గంటల్లో దుప్పట్లు మార్చాలి, ఓవెన్ తుడవాలి, విరిగినవి చూసుకోవాలి. మొదటి ఏడాది క్లీనర్ డబ్బులు మిగుల్చుకుందామని మేమే వెళ్లాం. వేసవి శనివారం లింకన్ నుంచి స్కెగ్‌నెస్‌కి ఎ158 రోడ్డు మీద కారు నడిపినవాళ్లకి ఆ టెన్షన్ తెలుస్తుంది. మూడు శనివారాలకే మా ఆవిడ దండం పెట్టేసింది. రాత్రి తొమ్మిదింటికి గెస్టు ఫోన్: "వేడినీళ్లు రావట్లేదు." పొయ్యికీ గీజరుకీ బయట ఉన్న గ్యాస్ సిలిండరే ఆధారం, అది అయిపోయింది. మనం రెండు గంటల దూరంలో ఉన్నాం. పక్క కారవాన్ పెద్దాయన ఒకాయన టార్చిలైటు పట్టుకుని వెళ్లి రెండో సిలిండర్‌కి మార్చి పెట్టాడు. అలాంటి పొరుగువాడు దొరకడం మా అదృష్టం.

గ్యాస్ విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. అద్దెకిచ్చేవాళ్లు ఏటా గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేయడానికి అర్హత ఉన్నవాళ్ల అధికారిక జాబితాలో ఉన్న ఇంజినీర్ చేత తనిఖీ చేయించి కాగితం ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, అది పనిచేస్తోందో లేదో చూడండి. ఈ ఖర్చుల్లో మిగుల్చుకుందామనుకునేవాళ్లు దయచేసి ఈ పనిలోకి రావద్దు.

పన్ను కూడా ఉంది. ఆస్తి మీద వచ్చే అద్దెకి ఏడాదికి 1,000 పౌండ్ల మినహాయింపు ఉంది, అది దాటితే లెక్క చూపాలి. హాలిడే ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకి గతంలో ప్రత్యేకమైన పన్ను సౌకర్యాలుండేవి. అవి 2025 ఏప్రిల్ నుంచి ఎత్తేశారు. పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకున్నవాళ్లు మళ్లీ వేసుకోండి.

పోటీ గురించి ఒక్కమాట. 1936లో బిల్లీ బట్లిన్ స్కెగ్‌నెస్ పక్కన ఇంగోల్డ్‌మెల్స్‌లో తన మొదటి హాలిడే క్యాంపు తెరిచినప్పటి నుంచీ ఆ తీరమంతా సెలవుల వ్యాపారమే. ఇప్పుడు మేబుల్‌థార్ప్ దాకా కారవాన్లు వరసలు వరసలుగా ఉంటాయి. మీ పోటీదారు పక్క ఓనర్ ఒక్కడే కాదు, పార్కు యజమాని కూడా. వాళ్లకి సొంత అద్దె కారవాన్లున్నాయి. బుకింగ్ తగ్గితే రేటు దించేస్తారు, మనం దించితే సైట్ ఫీజు రాదు. కొన్ని పార్కులు బయటివాళ్లకి అద్దెకివ్వనివ్వవు, కొన్ని వాళ్ల పథకం ద్వారానే ఇవ్వమంటాయి, అందులో కమీషన్ తీసుకుంటాయి. మాకు అమ్మినాయన "అద్దెకివ్వొచ్చు, ఏం ఫర్వాలేదు" అని నోటితో చెప్పాడు. సంతకం పెట్టాక చదివితే, వాళ్ల అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని ఉంది. ఆ తప్పు మాదే, చదవకపోవడం.

మరి ఎవరికీ గిట్టదా అంటే, అలా కాదు. మా పార్కులోనే ఒక జంట ఉండేవారు. అరగంట దూరంలో ఇల్లు, ఇద్దరూ రిటైరయ్యారు. పాత కారవాన్‌ని తక్కువకి, నగదుతో కొన్నారు. క్లీనింగ్, చిన్నచిన్న రిపేర్లు అన్నీ వాళ్లే. పెద్ద సెలవుల్లో అద్దెకిచ్చి, జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ వాళ్లు ఉండేవారు. సైట్ ఫీజు దాదాపు అద్దెలోనే వచ్చేసేది. లాభమని వాళ్లెప్పుడూ అనలేదు. "మా సెలవులు చవగ్గా గడుస్తున్నాయి" అనేవారు. మీరూ ఆ లెక్కతో వెళితే నాకు అభ్యంతరం లేదు. పెన్షన్‌కి బదులుగా, పిల్లల చదువుకి ఆస్తిగా అనుకుంటే మాత్రం ఆ డబ్బు వేరేచోట పెట్టండి.

వెనక వరసలో ఒక తమ్ముడు పార్కు ఇచ్చిన ఫైలు పట్టుకొచ్చినట్టున్నాడు. అందులో రంగుల బ్రోషర్ పక్కన పెట్టు నాన్నా. లైసెన్స్ ఒప్పందంలో సబ్‌లెట్, అంటే మనం ఇంకొకళ్లకి అద్దెకివ్వడం గురించి, ఫీజు పెంపు గురించి రాసిన పేజీలు తీసి ఉంచు. టీ తాగుతూ కలిసి చదువుదాం.