చెరువులో ఆక్సిజన్ సరే, మన గొంతులో సంగతేంటి?

మొన్న భీమవరం పక్కన మా బాబాయ్ వాళ్ళింట్లో పడుకున్నానండీ. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. బాబాయ్ గురకకి కాదు, ఆ గురక వీధి వీధంతటికీ అలవాటే. గురక ఆగినందుకు లేచాను. పొట్ట పైకీ కిందకీ ఆడుతోంది, గాలి చప్పుడు మాత్రం లేదు. ఫోన్‌లో సెకన్లు చూశాను. ఇరవై రెండో సెకనుకి, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా పెద్ద ఊపిరి లాగి, పక్కకి ఒత్తిగిలి మళ్ళీ మొదలెట్టాడు. పిన్నేమో నిద్రలోనే, "రోజూ ఇంతే, నువ్వు పడుకోరా" అంది.

ఇదే స్లీప్ ఆప్నియా. నిద్రపోతే గొంతు కండరాలు అందరికీ వదులవుతాయి. కానీ మెడ చుట్టూ, నాలుకలో కూడా కొవ్వు పేరుకున్న మనిషికి అసలే ఇరుకైన దారి పూర్తిగా మూసుకుపోతుంది, ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి దిగదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి లేపుతుంది. పొద్దున్న ఇదేమీ గుర్తుండదు. 10 సెకన్లు, ఆపైన ఊపిరి ఆగడం, లేదా బాగా తగ్గిపోవడం గంటకి 5 సార్లు దాటితే జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రం. లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి రెండు మూడుసార్లు ఒంటేలుకి లేవడం, మధ్యాహ్నం కాలువ గట్టు మీద బండి నడుపుతూ కునుకు... బాబాయ్‌కి అన్నీ ఉన్నాయి. బీపీ మాత్రలు కూడా.

తెల్లవారుజామున రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిందంటే లుంగీ ఎగ్గట్టి పరిగెత్తే మనిషండీ ఈయన, రొయ్య తేలిపోతుందని!

బరువు సంగతికొద్దాం. అమెరికాలో విస్కాన్సిన్‌లో చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. బరువు 10 శాతం పెరిగితే ఇలా ఊపిరి ఆగడం దాదాపు 32 శాతం పెరిగింది, 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గింది. అంటే 90 కిలోల బాబాయ్ 81కి వచ్చినా కొంత మేలే, సన్నగా కర్రలా అయిపోనక్కర్లేదు. మగవాళ్ళకి మెడ కొలత 17 అంగుళాలు, ఆడవాళ్ళకి 16 దాటితే అనుమానించాలి.

మనవాళ్ళు వెంటనే తప్పంతా పూతరేకుల మీదకి తోస్తారు. సంక్రాంతికి నాలుగు తింటే రాదండీ ఇది. చెరువు గట్టు దాకా కూడా బండి మీదే వెళ్ళడం, రాత్రి పదిన్నరకి నిండా అన్నం తిని ఆ వెంటనే వెల్లకిలా పడుకోవడం, వీటిని చూడండి. ఇక నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది 'నిద్ర కోసం రెండు పెగ్గులు'. మందు ఆ గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తుంది, నిద్ర పట్టినట్టే ఉంటుంది, ఊపిరి మాత్రం ఇంకా ఎక్కువసార్లు ఆగుతుంది. సిగరెట్ గొంతుని వాపెక్కిస్తుంది. పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి కొంత నయం.

సన్నగా ఉన్నవాళ్ళు నవ్వకండి. దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెద్దవైనా వస్తుంది, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి రిస్క్ పెరుగుతుంది. బరువు తగ్గాక చూద్దాంలే అని కూర్చోకుండా, పక్కన పడుకునేవాళ్ళ చేత ఒక వీడియో తీయించి డాక్టర్‌కి చూపించండి, నిద్ర పరీక్ష రాస్తారు.

అవసరమైతే సీప్యాప్ అని ఒక మెషీన్ ఇస్తారు, మాస్కులోంచి గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా ఆపుతుంది. అది చెప్పగానే బాబాయ్ కాసేపు ఆలోచించి, "అంటే నాకూ ఏరియేటర్ పెడతారన్నమాట. మరి కరెంటు పోతే?" అన్నాడు.