వాచీ మూత లోపలి గీతలు

శ్రోతలకు నమస్కారం.

మీ చేతికి వాచీ ఉంటే ఒక్కసారి తీసి చెవి దగ్గర పెట్టుకోండి. సెకనుకు ఒక్కసారి టిక్కుమంటే అది బ్యాటరీ వాచీ. చినుకులు రాలినట్టు సెకనుకు ఐదు నుంచి ఎనిమిదిసార్లు, ఆగకుండా చప్పుడు వస్తుంటే అది స్ప్రింగుతో నడిచే వాచీ. వాచీల మీద నా ఇష్టం అలా చెవితోనే మొదలైంది.

చిక్కడపల్లిలో మా ఇంట్లో ఉదయం వార్తలకు ముందు నాన్నగారు రేడియో పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చేతిలో హెచ్ఎంటీ జనతా వాచీ. 1975లో కొన్నారు. సమయ సంకేతం వచ్చేసరికి పెద్ద ముల్లును సరిపెట్టి, కీని లోపలికి నొక్కి, అప్పుడు తిప్పడం మొదలుపెట్టేవారు. ఆ చప్పుడు కిర్రు కిర్రుమని ఇప్పటికీ నా చెవిలో ఉంది. కీ ఇక తిరగనని మొరాయించగానే ఆపేసేవారు. ఒక్క పిసరు కూడా ఎక్కువ తిప్పేవారు కాదు. తరువాత వాచీని నా చెవికి ఆనించి, "విను తల్లీ" అనేవారు.

డయలు మీద పదిహేడు జ్యూయెల్స్ అని రాసి ఉండేది. నాన్నగారి చేతికి పదిహేడు రత్నాలున్నాయని నేను బడిలో అందరికీ చెప్పాను. నిజంగానే ఉన్నాయి. తయారుచేసిన కెంపులు అవి. చక్రాల ఇరుసులు లోహం మీద తిరిగితే అరిగిపోతాయి కనుక, నునుపైన ఆ కెంపురాళ్లలో తిరిగేలా అమరుస్తారు. వాటికి నగల దుకాణంలో ధర రాదు, కానీ ఆ వాచీ యాభై ఏళ్లు నడవడానికి అవే కారణం.

జనతా గురించి రెండు మాటలు. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. పేరుకు తగ్గట్టే సామాన్యుడి వాచీ ఇది. లోపలి బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ సెకనుకు ఐదుసార్లు చప్పుడు చేస్తుంది. అంటే రోజుకు 4,32,000 సార్లు. నాన్నగారు ఉదయం ఇచ్చే ఆ కాస్త కీతో ఇంత పని! ఈ లెక్క నేను ఏ వయసులో వేసుకున్నా నాకు అంతే ఆశ్చర్యం.

ఆ ఆశ్చర్యాన్ని మధ్యలో చాలా ఏళ్లు మరిచిపోయాను. బ్యాంకులో ఉద్యోగం వచ్చాక మొదటి జీతాలతో బంగారు రంగు బ్యాటరీ వాచీ కొనుక్కున్నాను. అప్పట్లో ఆడవాళ్ల వాచీ అంటే చిక్కుడుగింజంత డయలు, గాజులాంటి గొలుసు. అందులో టైము కనిపించదు, వాచీ మాత్రం కనిపిస్తుంది. నాకు అదే కావలసి వచ్చింది. లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుందని, 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఇలా స్ఫటికంతో నడిచే చేతి వాచీని మొట్టమొదట అమ్మకానికి పెట్టిందని తరువాత చదువుకున్నాను. అప్పుడు తెలిసిందల్లా నా వాచీ నెలకు కొద్ది సెకన్లే తేడా చూపిస్తుందని, నాన్నగారిది రోజుకు ఇరవై సెకన్లు వెనకబడుతుందని. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం మళ్లీ రేడియో పక్కన కూర్చున్నారు.

నలభై అయిదో ఏట స్విట్జర్లాండ్ వాచీ కొన్నాను. చేయి కదిలితే దానంతట అదే స్ప్రింగు చుట్టుకునేది. ధర ఇక్కడ చెప్పను. అక్కడి పరీక్షలో నెగ్గిన వాచీ రోజుకు సగటున 4 సెకన్లకు మించి వెనకబడకూడదు, 6 సెకన్లకు మించి ముందుకు పోకూడదు. ఆ అంకెలు నాకు కంఠస్థం. పెళ్లిళ్లలో ఎదుటివారి ముఖం కంటే ముందు మణికట్టు చూసే అలవాటు కూడా అప్పుడే పట్టుకుంది. ఆ రోజుల్లో నేను ఇష్టపడింది వాచీ పేరును. వాచీని ఇష్టపడటం ఇంకా రాలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అది వచ్చింది 2016లో. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసివేస్తున్నారని ఆ ఏడాది పేపర్లో చదివాను. బీరువా తెరిచి నాన్నగారి జనతాను వెతికాను. ఆయన పోయి అప్పటికి ఏడేళ్లు. వాచీ నాలుగూ పదికి ఆగి ఉంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆయన ఎప్పుడూ వెళ్లే చిన్న దుకాణానికి తీసుకెళ్లాను. పెద్దాయన లేరు, కొడుకు కూర్చుంటున్నారు. కంటికి అద్దం పెట్టుకుని, వెనక మూత తీసి, యంత్రం చూడకుండా ముందు ఆ మూతనే వెలుతురుకు పట్టారు.

"అమ్మా, ఇది చూడండి" అని అద్దం నాకు ఇచ్చారు.

మూత లోపలివైపు సూదితో గీసిన సన్నటి గీతలు. కంటికి గరుకులాగే ఉంటాయి. అద్దంలో చూస్తే అంకెలు. 79. 83. 88. 92. 96. చివరన 2000. పక్కన ప్రతిసారీ ఒకే గుర్తు, చిన్న కొక్కెంలాగా. వాచీ విప్పి శుభ్రం చేసిన ప్రతిసారీ మెకానిక్ తన గుర్తు, తేదీ మూత లోపల గీసి పెడతాడట. తరువాత విప్పేవాడికి తెలియడానికి. ఆ కొక్కెం వాళ్ల నాన్నగారి గుర్తు అని ఆయన చెప్పారు.

ఎంతసేపు చూశానో తెలియదు. నాలుగేళ్లకు ఒకసారి తప్పకుండా తీసుకెళ్లారు. 87లో వెళ్లవలసినవారు 88లో వెళ్లారు. 87లో మా అక్క పెళ్లి. 2000 తరువాత ఏమీ లేదు. 2003లో నేనే ఆయనకు బ్యాటరీ వాచీ కొనిపెట్టాను, ఇక రోజూ కీ ఇచ్చే శ్రమ ఎందుకని.

స్విస్ వాచీ లోపల ఎంత పనితనముందో చదివి తెలుసుకున్నాను. ఈ వాచీ లోపల ఏముందో ఆ రోజే చూశాను. రెండూ కావాలి. కానీ ఏది లేకపోతే రెండోది వ్యర్థమో నాకు తెలుసు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటల గడియారం మీరు చూసే ఉంటారు. గంట అవడానికి మూడు నిమిషాల ముందే గడ్డం మనిషి బొమ్మ బయటికి వస్తుంది, జనం గుమిగూడుతారు, గంటలు కొట్టి వెళ్లిపోతుంది. చిన్నప్పుడు ఆ బొమ్మ కోసమే వెళ్లేదాన్ని. ఈమధ్య వెళ్తే అందులోనే ఉన్న కమ్మరివాడి దగ్గర ఆగిపోయాను. సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటాడు. గంట అయ్యాక జనం వెళ్లిపోయినా అతను వేస్తూనే ఉన్నాడు.

సమయం దగ్గరపడుతోంది, ఒక్క మాట చెప్పాలి. మీ బీరువాలో తాతగారిదో, నాన్నగారిదో పాత వాచీ ఉంటే, దయచేసి తీయగానే కీ ఇవ్వకండి. కొద్దిసేపు నడుస్తుంది, నిజమే. కానీ లోపలి నూనె ఏళ్ల తరబడి చిక్కబడి, దుమ్ముతో కలిసి గరుకు ముద్దవుతుంది. ఆ స్థితిలో నడిపితే ఇరుసులు అరుగుతాయి. ఆగిన వాచీ అరగదు, ఎండిన నూనెతో నడిచిన వాచీ అరుగుతుంది. ముందు విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించండి. మూత తీసినప్పుడు లోపలివైపు చూడనివ్వమని మెకానిక్‌ను అడగండి. తేదీ గీయమని కూడా అడగండి. ఈ రోజుల్లో కొందరు గీయడం మానేశారు.

నాన్నగారి జనతా ఇప్పుడు నా చేతికే ఉంది. డయలు పెద్దదే, ఆడవాళ్లకు బాగుండదని ఎవరైనా అంటే ఏమీ అనను. మూతలో 2000 కింద 16 ఉంది, దాని కింద 20, దాని కింద 24. గుర్తు మాత్రం కొక్కెం కాదు, కొడుకు గుర్తు వేరు. రోజుకు పద్దెనిమిది సెకన్లు వెనకబడుతోంది.

కాసేపట్లో వార్తలు. సమయ సంకేతం వస్తుంది, నేను పెద్ద ముల్లు సరిపెట్టుకోవాలి. సెలవు.